టైటిల్ పడగానే లేచిపోయే పిల్ల

రుక్సార్ సినిమాహాలుకు ట్రైలర్లు చూడటానికే వెళ్తుంది. టికెట్ కొంటుంది, సమోసాలు కొంటుంది, సీటు తుడుచుకుని దర్జాగా కూర్చుంటుంది. రాబోయే సినిమాల ట్రైలర్లన్నీ కళ్లార్పకుండా చూస్తుంది. అసలు సినిమా టైటిల్ తెరమీద పడగానే దుపట్టా సర్దుకుని లేచి వెళ్లిపోతుంది. పెళ్లికి వెళ్లి, గుమ్మంలో పన్నీరు చల్లించుకుని, అట్నుంచటే వెనక్కి తిరిగే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను ప్రతి ఆదివారం చూసేదాన్ని. నా రూమ్మేట్.

వికారాబాద్ స్టేషన్ వెనక మహేశ్వరి ఆంటీ మేడమీద గదిలో మేమిద్దరం ఉండేవాళ్లం. నేను ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్తాను. తను హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. సినిమా ట్రైలర్లు ఎలా తయారుచేస్తారు, వాటిని జనంలోకి ఎలా వదులుతారు అన్నది విషయం. మొదటిరోజు గది చూపిస్తూ ఆంటీ అడిగింది.

"ఏం చదువుతున్నవమ్మా?"

"ట్రైలర్ల మీద పీహెచ్‌డీ, ఆంటీ."

ఆంటీ ముఖం వెలిగిపోయింది. మర్నాడు పొద్దున్నే రెండు జాకెట్టు ముక్కలు తెచ్చి మంచంమీద పెట్టింది.

"టైలర్ కాదాంటీ, ట్రైలర్! నేను కుట్ట. వాళ్లు సినిమాను ఎట్ల కత్తిరిస్తరో చూస్త, గంతే."

"గంత చదువు చదివి, కత్తిరించుడు తెలిసి, కుట్టుడు రాదా?" అని ఆంటీ నా వైపు తిరిగి నిట్టూర్చింది. "గీ కాలం చదువులన్నీ గిట్లనే ఉన్నయ్ అంజలీ."

కత్తిరించడం గురించి మాత్రం రుక్సార్ దగ్గర వినాలి. ఒకసారి ఇద్దరం రైల్లో తాండూరు పోతున్నాం. ఎదుటి సీట్లో ఒకామె ఫోన్లో ఆటో అతన్ని దులిపేస్తోంది. "నన్ను నడిరోడ్డు మీద ఇడిసిపెట్టి ఎట్ల పోయినవ్?" అంటోంది. కిటికీ పక్కన ఒక కందుల వ్యాపారి తన ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు. "పాత సరుకు నాకొద్దు. కొత్తది చూసుకున్న."

రుక్సార్ నా చెవిలో గుసగుసగా అంది. "గా రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి ఇను."

పెట్టి విన్నాను. ఒళ్లు మండిపోయింది.

"చూసినవా? ఆమె అడిగింది ఆటోవాన్ని. ఆయన చెప్పింది కందుల గురించి. రెండూ అతికిస్తే మొగుడు పెళ్లాలైపోయిండ్రు. ట్రైలర్ అంటే గదే. తల్లి ఏడుపు ఒక సీనులకెల్లి తెస్తరు, కొడుకు ఉరుకుడు ఇంకో సీనులకెల్లి తెస్తరు. వాడు అసలు బస్సు కోసం ఉరుకుతుంటడు. మనం తల్లి కోసం అనుకొని టికెట్ కొంటం."

అంతా అర్థమైంది. అయినా తాండూరులో దిగేదాకా ఆ కందుల వ్యాపారిని నేను క్షమించలేకపోయాను. ఆయన పాపం, నా చూపుకు జడిసి సంచి తీసుకుని తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆదివారాలు మా కార్యక్రమం ఎప్పుడూ ఒకటే. తాండూరు వెళ్లడం, మ్యాట్నీకి కూర్చోవడం, టైటిల్ పడగానే తను లేచి పోవడం. ఆ ఊళ్లోనే తన ఫుప్పు, అంటే వాళ్ల నాన్నకు అక్క, షమ్సున్నీసా ఉంది. ఆమెను చూసొస్తానని పోయేది. టికెట్ దండగ చేయడం ఇష్టంలేక నేను సినిమా మొత్తం చూసి స్టేషన్లో కలిసేదాన్ని.

"కథ బాగుందే! హీరో చివరికి..." అని నేను మొదలుపెడితే చాలు, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకునేది.

"చెప్పకు! నీకు దండం పెడత, చెప్పకు!"

"చూడనిదానివి, వింటే ఏమైతది?"

"విన్నా చూసినట్టే!"

ఈ అలవాటుకు ముందుగా బలైపోయింది ఆ హాలు మేనేజరు చంద్రకాంత్. కొత్త సినిమా ఆదివారం మ్యాట్నీకి జనం లోపలికి తోసుకుంటుంటే, వాళ్లకు ఎదురుగా రుక్సార్ బయటికి వస్తుండేది. "అమ్మో! మొదలుగాకముందే లేచి వస్తుంది, ఎంత ఖరాబుందో!" అని వెనకవాళ్లు ఆగిపోయేవాళ్లు. ఒక పండగ సినిమాకైతే బయటున్న కుర్రాళ్లు గుంపుగా పోయి టికెట్లు వాపసు ఇమ్మన్నారు. చంద్రకాంత్ చేతులు జోడించాడు.

"ఇంటర్వెల్ దాక కూసో తల్లీ. నీకు సమోసాలు మా తరఫున."

"కూసోరాదు అన్నా."

"అట్లయితే వెనక గేటుకెల్లి పో. నీ ఒక్కదాని కోసం తాళం తీపిస్త."

హాలు కట్టినప్పటి నుంచి తుప్పుపట్టి ఉన్న ఆ వెనక గేటుకు రుక్సార్ కోసం నూనె పెట్టారు.

ఇంకోసారి నాకు జ్వరమొచ్చి నేను వెళ్లలేదు. తను ఫోన్ సీట్లో మరిచిపోయింది. వాన ముసురుకొచ్చిందని మహేశ్వరి ఆంటీ ఫోన్ చేస్తే, గేటు దగ్గర టికెట్లు చింపే హనుమంతు ఎత్తాడు.

"గీ ఫోను పిల్లనా? లేచిపోయిందమ్మా."

ఆంటీ చేతిలో గరిటె జారింది. "లేచిపోయిందా? ఎవనితోని?"

"ఒక్కతే."

"ఒక్కతి ఎట్ల లేచిపోతదిరా!"

"గామె ప్రతి ఆదివారం లేచిపోతది గదా అమ్మా, మాకు అలవాటే."

ఆంటీ ఫోన్ పెట్టేసి, జ్వరంతో పడుకున్న నామీద చెంబెడు కన్నీళ్లు పోసింది. సాయంత్రానికి రుక్సార్ తడిసి ముద్దయి వస్తే, ఆమె వెనక ఎవడైనా దండ వేసుకుని నిలబడ్డాడేమోనని మెట్లదాకా దిగి చూసొచ్చింది.

వాళ్లింట్లో రుక్సార్ పెళ్లిచూపులూ అలాగే అయ్యాయి. పరిగి నుంచి ముర్తుజా అనే అబ్బాయిని తీసుకుని వాళ్ల మేనమామ వచ్చాడు. ఆ మేనమామ సోఫాలో కూర్చుంటూనే అబ్బాయి ఉద్యోగం, ఏ కూర తింటాడు, ఏ కూర తినడు, పుట్టబోయే పిల్లలకు ఏ పేర్లు, వాళ్లను ఏ బళ్లో వేస్తారు అన్నీ వరసగా చెప్పేశాడు. రుక్సార్ చాయ్ కప్పు కింద పెట్టి మెల్లగా లేచింది.

"మామూ, ట్రైలర్లనే క్లైమాక్స్ దాక చూపిచ్చిన్రు. ఇగ టికెట్ ఎవరు కొంటరు?"

ముర్తుజా పకపకా నవ్వాడట. మేనమామ మాత్రం నవ్వలేదు. సంబంధం వెనక్కి పోయింది.

ఇలా నవ్వుకుంటూ రోజులు దొర్లుతుంటే, తన గైడు వెంకటేశం సార్ కళ్లజోడు సవరించుకున్నారు. సార్ ఉండేది కూడా వికారాబాదులోనే. భారీ మనిషి. సంతకం పెట్టాలంటే సామాన్యంగా ఒప్పుకోరు. పరిశోధన గడువు దగ్గర పడింది. ఒకరోజు మమ్మల్నిద్దరినీ ఇంటికి పిలిచి రుక్సార్ రాసిందంతా తిరగేశారు.

"మంచిగ రాసినవ్. పోస్టర్లు, ఆటోల మైకులు, ఫోన్లల్ల వచ్చేటివి, అన్నీ ఉన్నయ్. మరి ట్రైలర్ల ఏం ఆశ పెట్టిన్రు, సినిమాల ఏం చూపిచ్చిన్రు, గా తేడా మీద అధ్యాయం ఏది?"

"రాయలే సార్."

"ఎందుకు?"

"సినిమాలు చూడలే సార్."

"ఒక్కటి గూడ?"

"టైటిళ్లు చూసిన సార్."

సార్ భార్య వంటింట్లో ఫక్కున నవ్వింది. సార్ నవ్వలేదు.

"డబ్బా మీది బొమ్మ చూసి మిఠాయి రుచి రాస్తవా? సినిమా చూడకుంటే నేను సంతకం పెట్ట. సంతకం లేకుంటే సెమినార్ లేదు. సెమినార్ లేకుంటే ఇన్నేండ్ల కష్టం గంగల కలిసినట్టే. తెలుస్తుందా?"

ఎప్పుడూ ఏదో ఒకటి వాగే రుక్సార్ తల దించుకుంది. దారిలో నేను బతిమాలాను.

"ఒక్క సినిమానే గదే! కండ్లు తెరిచి కూసుంటే అదే నడుస్తది."

"చూస్తే అంతా ఖతం అయితది అంజలీ."

"ఏం ఖతమైతది?"

తను గబగబా ముందు నడిచింది. గదికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా తినలేదు. దానికి పిచ్చి ముదిరిందనే అనుకున్నాను.

ఆ ఆదివారం సార్ స్వయంగా మాతో తాండూరు బయల్దేరారు. "నా పక్కన కూసోబెట్టి చూపిస్త" అన్నారు. హాల్లో గోడవారగా ఉన్న సీట్లో రుక్సార్, ఆ పక్కన నేను, బయటి దారికి అడ్డంగా సార్. సార్ కూర్చున్నాక ఆ వరసలోంచి పిల్లి కూడా బయటికి పోలేదు. ట్రైలర్లు అయిపోయాయి. టైటిల్ పడింది. రుక్సార్ సగం లేచింది.

"కూసో," అన్నారు సార్.

"సార్, జర బాత్రూమ్..."

"ఇంటర్వెల్‌ల."

"సార్, తలనొప్పి..."

"నా దగ్గర గోలీ ఉన్నది."

రుక్సార్ దుపట్టా తలమీదినుంచి ముఖంమీదికి లాక్కుంది. చెవుల్లో వేళ్లు దూర్చుకుంది. పైనుంచి చిన్నగా ఏదో పాట కూడా అందుకుంది, మాటలు వినపడకుండా. ముందు సీటాయన తిరిగి చూసి, "అమ్మా, మీకు బాగలేదా?" అని అడిగాడు. తెరమీద హీరో గుర్రంమీదికి దూకుతుంటే హాలంతా ఈలలు. ఆ హడావిడిలో మా రుక్సార్ ముందు సీటుమీద కాలు పెట్టి, ఈల వేస్తున్న ఆయన భుజం పట్టుకుని, అవతలి వరసలోకి దూకేసింది.

"రుక్సార్!" అని సార్ కేక. సార్ సీట్లోంచి ఊడి బయటపడేసరికి నూనె పెట్టిన వెనక గేటు చప్పుడు లేకుండా తెరుచుకుని మూసుకుంది.

ఫుప్పు ఇంటికే పోయుంటుందని ఇద్దరం షేరాటో ఎక్కి వెంటపడ్డాం. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు దాటి, తెల్లటి దుమ్ములో మునిగిన గల్లీలోకి తిరిగాం. ఫుప్పు ఇంటి గుమ్మానికి ఆకుపచ్చ పరదా వేలాడుతోంది. లోపల్నుంచి రుక్సార్ గొంతు. "థియేటర్లకెల్లే వస్తున్న ఫుప్పు, ఒట్టు. గిప్పుడే!"

సార్ పరదా ఎత్తబోయి ఆగారు. సందులోంచి ఇద్దరం చూశాం.

మంచంమీద ఫుప్పు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. చలికాలంలో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టర్ ఎంత చెప్పినా, నొప్పికి భయపడి మంచం దిగడం లేదని రుక్సార్ ఒకప్పుడు నాతో అంది. మంచం చుట్టూ నేలమీద పక్కింటి చంద్రవ్వ, ఇంకొందరు గల్లీ ఆడవాళ్లు. అందరూ పప్పు మిల్లులో పనిచేసేవాళ్లే. మధ్యలో నిలబడి రుక్సార్ సినిమా చెప్తోంది. చెప్పడం కూడా కాదు, ఆడేస్తోంది. హీరో తనే, విలన్ తనే, వెనక మోగే డప్పూ తనే.

"...హీరోయిన్‌కు పప్పు మిల్లు ఉంటది. దాన్ని గుంజుకుందామని విలన్ వస్తడు. హీరో అడ్డంబడతడు. కొట్లాట, కొట్లాట, క్వారీ అంచు దాక పోతరు. హీరో కాలు జారింది! ఒంటి చేత్తోని తాడు పట్టుకున్నడు. కింద ఇంత లోతు నీళ్లు. చేతి పట్టు జారుతుంది... జారుతుంది..."

ఆగిపోయింది. చేతులు కట్టుకుని నిలబడింది.

"తర్వాత?" అంది ఫుప్పు.

"దర్వాజ దాక నడువు. చెప్త."

"ఏ షైతాన్! గాడ పిలగాడు పడిపోతుంటే నన్ను నడువమంటవా?"

"నువ్వు నడిస్తెనే వాడు పైకొస్తడు."

"లే బీబమ్మా, లే!" అని చంద్రవ్వ ఆత్రంగా వాకర్ తెచ్చి మంచం ముందు పెట్టింది. "జల్ది నడువు, పిలగాడు సస్తడు!"

ఫుప్పు తాండూరులో తెలిసిన తిట్లన్నీ తెలుగులో కొన్ని, ఉర్దూలో కొన్ని తిట్టుకుంటూ మంచం దిగింది. అడుగేసింది. మూలిగింది. ఇంకో అడుగేసింది. ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. "తాడు పట్టుకునే ఉన్నడు ఫుప్పు, రా, రా!" అని రుక్సార్ వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ ముందుకు చాచి పిలుస్తోంది. అలా అలా గుమ్మం దాకా వచ్చి, ఫుప్పు గెలిచినట్టుగా పరదాను ఒక్క ఊపున లాగింది.

ఎదురుగా, చెవి ఆనించి వంగి నిలబడ్డ వెంకటేశం సార్.

ఫుప్పు కెవ్వుమంది. సార్ ఉలిక్కిపడి నమస్కారం పెట్టి, నోటికొచ్చింది అడిగేశారు. "అమ్మా, ఇంతకు పట్టు జారిందా?"

చాయ్ వచ్చేదాకా రుక్సార్ మా ముఖాలు చూడలేదు. తర్వాత మమ్మల్ని వాకిట్లోకి తీసుకెళ్లి చెప్పింది.

"ఫుప్పుకు సినిమాలంటే పానం సార్. పడ్డంక హాలుకు పోలేకపోయింది. నన్ను చూసొచ్చి చెప్పమన్నది. మొదటిసారి చూసిందే చెప్పిన. గందుల హీరో సచ్చిపోయిండు. ఫుప్పు రెండు పూటలు బువ్వ ముట్టలే, మంచం దిగలే. నేను అబద్ధం చెప్తే పట్టేస్తది, ఒట్టు వెయ్యమంటది. అందుకే చూసుడు బంద్ చేసిన. చూడకుంటే, హీరో బతికిండని చెప్పినా అబద్ధం కాదు గదా సార్? థియేటర్లకెల్లే వచ్చిన అని ఒట్టు గూడ వెయ్యొచ్చు. ట్రైలర్ చూసి నాకు తోచిన కథ చెప్త. మంచి జాగల ఆపుత. గంతే సార్."

సార్ చాలాసేపు చాయ్ ఊదుకున్నారు. అది ఎప్పుడో చల్లారిపోయింది.

"ట్రైలర్ జనాన్ని హాలుకు నడిపిస్తదని నేను క్లాసులల్ల చెప్తుంట," అన్నారు చివరికి. "తుంటి విరిగిన మనిషిని నడిపిస్తదని గిప్పుడే చూస్తున్న. ముందు గదే రాయి. గా తేడా అధ్యాయం, మీ ఫుప్పు హాలు దాక నడిచొచ్చిన దినం రాయొచ్చు. గడువు పెంచమని నేను అడుగుత."

ఆ గల్లీలో హీరోలు ఆ తర్వాత చాలా వేలాడారు. క్వారీ అంచున, రైలు తలుపున, గుర్రం కడుపు కింద. ఒక్కో హీరోను కాపాడటానికి ఫుప్పు గుమ్మం దాటింది, వాకిలి దాటింది, గల్లీ మలుపు దాటింది. రిలీజైన సినిమాలో హీరో చచ్చిపోయాడని ఎవరైనా అంటే, చంద్రవ్వ కొట్లాటకు దిగేది. "మీకు పడింది ఖరాబు బొమ్మ! మా రుక్సార్ చూసినదాంట్ల బతికిండు!"

వానలు వెలిసిన ఒక ఆదివారం, ఫుప్పు కర్ర పట్టుకుని ఆటో దిగి, తన కాళ్లమీద హాలు మెట్లెక్కింది. చంద్రవ్వ, నేను, సార్ వెనకే. రుక్సార్ ఫుప్పు పక్కన కూర్చుంది. టైటిల్ పడింది. చంద్రకాంత్, హనుమంతు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. రుక్సార్ లేవలేదు. హనుమంతు చప్పట్లు కొట్టాడు. ఏమిటో తెలియకపోయినా హాలంతా కొట్టింది.

సినిమా సాఫీగా నడిచింది, చివరి దాకా. చివర్లో హీరో ఛాతీమీద చేయి పెట్టుకుని ఒరిగిపోయాడు. ఇదే సినిమాలో అతను పిల్లాపాపలతో చల్లగా ఉన్నాడని రుక్సార్ నెలరోజుల కిందటే గల్లీకంతా చెప్పి ఉంది. గభాలున రెండు చేతులతో ఫుప్పు కళ్లు మూసేసింది.

ఫుప్పు ఆ చేతులు మెల్లగా తీసి పక్కన పెట్టింది. సమోసా నములుతూనే ఉంది. ఏడుస్తున్నది రుక్సార్. సినిమా పూర్తిగా చూసి ఎంత కాలమైందో, వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడువకు బేటీ. వాడు సస్తడని చంద్రవ్వ పొద్దుగాలనే చెప్పింది. అన్ని సినిమాలకూ ముందుగాలనే కనుక్కొచ్చి నా చెవిల చెప్తది."

రుక్సార్ ఏడుపు ఆగిపోయింది. "మరి... ఎరుకుండి కూడ నడిచినవా?"

"నువ్వు చూడలేదని నాకు ఎరుకలేదా బిడ్డా? ఒక సినిమానా, రెండు సినిమాలా? అన్ని సినిమాలల్ల హీరోయిన్ పప్పు మిల్లే నడుపుతదా?"

చంద్రవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. సార్ భుజాలు కదులుతున్నాయి. రుక్సార్ ముఖంలో ఏడుపు, నవ్వు, సిగ్గు అన్నీ కలిసి, ఏది ముందు రావాలో తెలియక తన్నుకుంటున్నాయి. లైట్లు వెలిగినా లేవలేదు. తెరవైపు చూస్తూ ముక్కు తుడుచుకుంది.

"గంత మంచోడు ఫుప్పు. ఊరికే సచ్చిపోయిండు."

"ఎవరు చెప్పిన్రు సచ్చిండని?" అంది ఫుప్పు, కర్ర పట్టుకుని లేస్తూ. "ఒరిగిపోయిండు, గంతే. గప్పుడే వెనకకెల్లి ఒక ఆటో వచ్చింది..."

"వచ్చి?"

"మెట్లు దిగు. చెప్త."

రుక్సార్ కళ్లు తుడుచుకుని లేచింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతుంటే, మా వెనకనుంచి వెంకటేశం సార్ గొంతు వినపడింది.

"అమ్మా, జర గట్టిగ చెప్పుండ్రి. గీడికి ఇనొస్తలేదు."